సంచి విప్పని చుట్టం

కృపారాణి ఇంట్లో గోడబీరువా ఉంది. అందులో పై అర ఖాళీగానే ఉంది. అయినా ఆమె తల్లి ఈరవ్వ చీరలు మూడేళ్లుగా ఒక జిప్పు సంచిలోనే ఉన్నాయి. స్నానం చేసి వచ్చి, జిప్పు తీసి ఒక చీర తీసుకునేది, మళ్లీ జిప్పు వేసేది. విడిచిన చీరను ఉతికి, ఆరేసి, మడతపెట్టి తిరిగి అదే సంచిలో సర్దేది. మందు గోళీల డబ్బా, దువ్వెన, పింఛను కాగితాలున్న ప్లాస్టిక్ కవరు కూడా అందులోనే ఉండేవి. ఆ సంచి తలుపు పక్కన, చెప్పుల స్టాండు మీద ఉండేది. చూసినవాళ్లకు ఈ ముసలామె ఇప్పుడే బస్సు దిగి వచ్చిందేమో, లేదంటే ఇంకాసేపట్లో బస్సెక్కుతుందేమో అనిపించేది.

కొత్తలో కృపారాణి రెండు మూడుసార్లు చెప్పి చూసింది.

"బీరువల పెట్టుకో అవ్వా. అర ఖాళీగనే ఉన్నది."

"ఉండనియ్యి బిడ్డా. సుట్టపుసూపుకు వచ్చినదానికి బీరువ ఎందుకు?"

తర్వాత చెప్పడం మానేసింది. ఆ ఇంట్లో చాలా మాటలు అట్లాగే మానేసినవి. భర్త దేవరాజ్ పదకొండేళ్లుగా బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోన్ చేస్తాడు. తిన్నవా అని అడుగుతాడు, తిన్న అని చెబుతుంది. కూతురు ఆశ్రిత నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. బాధ అని చెప్పుకోదగ్గది ఏదీ లేదు. సంతోషమని చెప్పుకోదగ్గదీ లేదు. నలభై మూడేళ్ల కృపారాణి పొద్దున లేస్తుంది, వండుతుంది, పనికి పోతుంది, వస్తుంది. మొద్దుబారిన చేతికి వేడి తెలియనట్టు ఆమెకు రోజులు తెలియకుండా పోతున్నాయి.

ఈరవ్వది ఎల్లారెడ్డి పక్కన ఒక చిన్న ఊరు. భర్త మైసన్న పోయిన ఏడాదే వానలకు మట్టిగోడ కూలింది. కూతురు వెళ్లి కామారెడ్డికి తీసుకొచ్చింది. మనిషి వచ్చింది గానీ పింఛను ఊళ్లోనే ఉండిపోయింది. నెలకోసారి బస్సులో ఎల్లారెడ్డి పోయి, అక్కడినుంచి ఆటోలో ఊరికి పోయి వేలిముద్ర వేసి వస్తుంది. కామారెడ్డిలో పేరు ఎక్కితే ఊళ్లో పింఛను కొట్టేస్తారని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. అందరూ నమ్మారు. అందుకే పక్కింటివాళ్లు అడిగినా, కిరాణం దుకాణంలో అడిగినా, ఆటోవాడు అడిగినా ఈరవ్వది ఒకటే జవాబు: సుట్టపుసూపుకు వచ్చిన.

"ఏమవ్వా, మూడేండ్లాయె. నీ సుట్టపుసూపు ఇంక ఒడువలేదా?" అని దుకాణపామె నవ్వేది.

"మర్యాద మంచిగ చేస్తున్నరు తల్లీ. ఇడిసిపెట్టి పోబుద్ధయితలేదు, ఏం జేద్దు?" అనేది ఈరవ్వ.

వాళ్లుండేది పాత బెల్లం గోదాముల వెనక వెలసిన కాలనీలో. గోదాం కాలనీ అంటారు. ప్లాట్లు చేసినప్పుడు పార్కు కోసమని ఒక ఎకరం వదిలారు. పన్నెండేళ్లుగా అది ఖాళీగానే ఉంది. సర్కారు తుమ్మ మొలిచింది. మోరీ పనికి తెచ్చి మిగిలిపోయిన సిమెంటు పైపులు అయిదారు ఒక పక్కన పడి ఉన్నాయి. చూసేవాళ్లకు అది పాడుబడ్డ జాగా. కాలనీలోని ముసలమ్మలకు మాత్రం అదే లోకం. పొద్దు వాలిందంటే ఒక్కొక్కరే వచ్చి ఆ పైపుల మీద కూర్చునేవారు.

ఈరవ్వకు షుగరు. ఎడమకాలు మోకాలి కింద తిమ్మిరెక్కి ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రోజూ నడవకపోతే ఈ కాలు పనికిరాకుండా పోతుందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. అందుకని ఆ జాగా చుట్టూ పది చుట్లు తిరిగేది. తోడుగా పిట్లం భూదవ్వ. రెండు చుట్లకోసారి ఇద్దరూ పైపు మీద కూర్చునేవారు. భూదవ్వ ఒడిలో బీడీల చాట ఉండేది. నడిచేటప్పుడు దాన్ని పైపు లోపల దాచిపెట్టేది.

"నీకేందక్కా, కాలే తిమ్మిరి. నా కోడలికి చెవులు తిమ్మిరి. పిలిస్తే పలకది" అనేది భూదవ్వ. ఈరవ్వ నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో వినిపించేది కాదు.

ఆ జనవరిలో పార్కు పని కదిలింది. పట్టణంలో వదిలేసిన జాగాల్లో పార్కులు కట్టాలని, ముందుగా ఇంటింటికీ తిరిగి జనాన్ని రాసుకోవాలని మున్సిపాలిటీవాళ్లు అనుకున్నారు. లెక్కలు వేసి నక్ష గీసే పని హైదరాబాదులోని ఒక కంపెనీకి అప్పజెప్పారు. ఇంటింటికీ తిరిగే పని ఎప్పటిలాగే మహిళా సంఘాల పనులు చూసే ఆర్పీల మీద పడింది. కృపారాణి గోదాం కాలనీ ఆర్పీ. చేతిలో కాగితాల కట్ట పట్టుకుని బయల్దేరింది. పేరు, వయసు, ఆడ, మగ, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, పార్కులో ఏం కావాలి. అడగవలసినవి అంతే.

మొదటి వీధిలో భూదవ్వ కోడలు ప్రవళిక ఇల్లు.

"ఇంట్ల ఎంతమంది?"

"రాస్కో అక్కా. మా ఆయన శైలేందర్, ముప్పై ఆరు. నేను ప్రవళిక, ముప్పై. పిల్లలు ఇద్దరు."

"శైలేందర్ దుబాయిల గదా."

"దుబాయిల ఉంటె ఏమాయె? రాయకుంటె రేపు రేషన్ కార్డుల పేరు కొట్టేస్తరు. ఇంట్లనే ఉన్నడని రాయి."

కృపారాణి రాసింది. తలెత్తి చూస్తే తలుపు వెనక భూదవ్వ కత్తెరతో తునికాకు కోస్తూ కనిపించింది. ఇద్దరి కళ్లూ కలిశాయి.

"మరి మీ అత్త?"

"అత్తనా? ఆమె పిట్లంల ఉంటది" అంది ప్రవళిక.

"అవ్ బిడ్డా, నేను పిట్లంల ఉంట" అంది తలుపు వెనకనుంచి భూదవ్వ. కత్తెర చప్పుడు ఆగలేదు.

కృపారాణి నవ్వలేదు. కోపం కూడా రాలేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని పక్కింటికి పోయింది. అక్కడా అంతే. గల్ఫుకు పోయినవాళ్లంతా ఇంట్లో ఉన్నారు. ఇంట్లో ఉన్న ముసలమ్మలంతా ఊళ్లలో ఉన్నారు. ఒకరు బీబీపేట, ఒకరు సదాశివనగర్, ఒకరు బాన్సువాడ దిక్కు. కాలనీ సంఘానికి అధ్యక్షుడు, లెక్కల సారుగా రిటైరైన బాలనర్సయ్య కూడా తన పేరు రాయించలేదు.

"నాది బీబీపేటల సొంత ఇల్లున్నదమ్మా. ఇక్కడ కొడుకు దగ్గర రెండు దినాలు ఉండి పోత" అన్నాడు. ఆ రెండు దినాలకు ఆరేళ్లు నిండాయి. ఆయనకు పింఛను భయం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, కొడుకు ఇంట్లో ఉంటున్నట్టు కాగితం మీద రాయించుకోవడం నామోషీ.

చివరికి కృపారాణి తన ఇంటి కాగితం రాసుకుంది. దేవరాజ్, నలభై ఏడు. కృపారాణి, నలభై మూడు. ఆశ్రిత, పందొమ్మిది. కలం ఒక క్షణం ఆగింది.

"నన్ను రాయకు" అంది ఈరవ్వ. "క్రిస్మస్‌కు చర్చిల పిల్లలు ఆడే నాటకంల సూడు, లెక్క రాసేటప్పుడు ఎవరి సొంతూరికి వాళ్లే పోతరు. నా లెక్క ఊర్లనే ఉండాలె."

కృపారాణి రాయలేదు. ఆ ఇంట్లో నిజంగా ఉంటున్నది ఇద్దరు. కాగితం మీద ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇంట్లో ఉన్నది ఒక్కరే. ఆమె కాగితం మడిచి కట్టలో పెట్టేసి కూర గిన్నె దించింది.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. ఒకరు రేషన్ కోసం, ఒకరు పింఛను కోసం, ఒకరు పరువు కోసం చిన్న అబద్ధం చెప్పారు. ఆ చిన్న అబద్ధాలన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

మార్చిలో సునీల్‌కుమార్ కృపారాణిని ఆఫీసుకు పిలిపించాడు. పార్కుల పని చూసే యువ అధికారి అతను. ముప్పై దాటి ఉండవు. మంచి మనిషి. కుర్చీ చూపించి, కంపెనీ పంపిన పట్టిక ముందుపెట్టాడు. అందులో మూడు వరుసలు. ఇప్పుడు, పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత.

"దీన్ని జనాభా అంచనా అంటరు మేడం. ఇయ్యాల ముప్పై ఆరు ఉన్నాయనకు పదేండ్లకు నలభై ఆరు వస్తయి. ఎందరు పుడతరు, ఎందరు పోతరు, ఎందరు కొత్తగ వస్తరు, అన్నీ కలుపుతరు. పార్కు ఒక్కసారి కడితే ఇరవై ఏండ్లు ఉంటది గదా. అందుకని ఇయ్యాల ఉన్నోళ్లకే గాదు, రేపు ఉండేటోళ్లకు గూడ సరిపోవాలె."

ఆమె తలూపింది.

"కానీ మీ కాలనీ విచిత్రం మేడం. పదకొండు వందల డెబ్బై మంది. అరవై దాటినోళ్లు ఇరవై ముగ్గురు. గింత పడుచు కాలనీ నేను ఏడ సూడలే. నిండ పడుచు మగోళ్లే." అతను నక్ష విప్పాడు. "అందుకే మొదటి విడతల బాక్స్ క్రికెట్ కోర్టు, జిమ్ము సామాను, పరిగెత్తే ట్రాకు. పెద్దలకు చోటు రెండో విడతల. నీడ, బెంచీలు, బాత్రూము. 2040 తర్వాత."

"2040 తర్వాత" అని కృపారాణి మెల్లగా అంది.

"అవును మేడం. పట్టికల అప్పటికి గని పెద్దవాళ్లు పెరుగుతలేరు."

ఆమె పట్టికలో మూడో వరుస వైపు చూసింది. అరవై దాటినవాళ్ల గడిలో అంకె ఒక్కసారిగా పెరిగింది. ఎవరు వీళ్లంతా అనుకుంది. వెంటనే తెలిసింది. నలభై మూడుకు ఇరవై కలిపితే అరవై మూడు. ఆ గడిలో తను ఉంది. తన ముసలితనానికి కాగితం బెంచీ వేసి పెట్టింది. తన తల్లికి వేయలేదు.

ఏదో చెప్పాలనిపించింది. చెబితే పింఛను పోతుందన్న మాట గుర్తొచ్చింది. నోరు విప్పకుండా ఇంటికి వచ్చేసింది.

వారం తిరక్కుండానే జాగా చదును చేయడానికి యంత్రం వచ్చింది. తుమ్మలు పోయాయి. సిమెంటు పైపులను లారీలో ఎక్కించుకుపోయారు. చుట్టూ గుంజలు పాతి జాలీ కట్టారు. ఆ సాయంత్రం ముసలమ్మలు వచ్చి జాలీ బయట నిలబడి చూశారు. కొంచెంసేపు నిలబడ్డాక ఎవరి ఇంటికి వాళ్లు పోయారు. భూదవ్వ మాత్రం మర్నాడు కూడా వచ్చింది. కూర్చోడానికి వేరే చోటు లేక మోరీ మీది బండ మీద కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకుని లేవబోయింది. బండ కదిలింది.

తుంటి విరిగింది. దవాఖాన కాగితంలో ఊరు పిట్లమనే రాయించారు. ఇద్దరు చిన్నపిల్లలతో ప్రవళిక మంచం మీది మనిషిని చూసుకోలేకపోయింది. పదో రోజున భూదవ్వను పిట్లంలో చిన్నకొడుకు దగ్గరికి ఆటోలో పంపించారు. ఆటో కదిలేటప్పుడు ఈరవ్వ పోయి చూసి వచ్చింది.

"ఏమన్నది?" అని కృపారాణి అడిగింది.

"సుట్టపుసూపు ఒడిసిందక్కా అన్నది."

అంతే. ఈరవ్వ ఏడవలేదు. ఆ తర్వాత ఇల్లు కదలలేదు. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చునేది. పాదాల మీద ఈగ వాలినా తోలేది కాదు. టీవీ నడుస్తుంటే చూసేది, కరెంటు పోతే నల్లటి తెరను కూడా అట్లాగే చూసేది. నెల తిరిగేసరికి కాలు వాచింది. గడప దాటాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది.

"నడువమని డాక్టరు చెప్పిండు గదవ్వా."

"ఏడ నడువాలె? రోడ్డు మీద నడిస్తే మోటార్లు. మధ్యల కాలు గుంజితే ఏడ కూసోవాలె?"

కృపారాణి వాచిన కాలి కింద దిండు పెట్టింది.

ఒక శనివారం ఈరవ్వ సంచి జిప్పు రెండుసార్లు సరిచూసుకుంది. "సోమవారం నేను ఊరికి పోత" అంది.

"పింఛనుకు ఇంక పది దినాలున్నది."

"పింఛనుకు గాదు. పోతనే ఉంట."

"ఇల్లు ఏడున్నదవ్వా? గోడలే లేకపాయె."

"మా ఆడిబిడ్డ అరుగున్నది. అరుగు మీదికెల్లి దిగితె బాట. బాట మీద మనుషులు. ఈడ నాకు ఏమున్నది? కాలు సచ్చెదాక గోడను సూసుకుంట కూసోవాల్నా?"

ఉండమనడానికి కృపారాణికి ఒక్క కారణం కూడా దొరకలేదు. అన్నం ఉంది, గోళీలు ఉన్నాయి, పైన ఫ్యాను ఉంది. ఆ మూడూ చెప్పడానికి నోరు రాలేదు.

సోమవారం పొద్దుననే పార్కు జాగాలో షామియానా వేశారు. నక్ష అందరికీ చూపించి, అభ్యంతరాలుంటే రాసుకోవడానికి సునీల్‌కుమార్ వచ్చాడు. కాగితాల కట్టతో కృపారాణి కూడా ఉండాలి. తల్లిని మీటింగ్ అయ్యాక బస్సెక్కిస్తానని చెప్పింది. ఈరవ్వ ఆగలేదు. సంచి పట్టుకుని మెల్లగా బయల్దేరింది. షామియానా దాకా వచ్చేసరికి కాలు గుంజింది. ఒకప్పుడు పైపులు ఉన్నచోట, ఉత్త నేల మీద కూలబడింది. ఆమెను చూసి ఇంకో ముసలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకామె. నెల దాటాక మొదటిసారి జాలీ తెరిచి ఉండడంతో అందరూ వచ్చేశారు.

బాలనర్సయ్య మైకు పట్టుకుని క్రికెట్ కోర్టు గురించి చెప్పాడు. జిల్లాలో ఏ కాలనీకీ ఇట్లాంటిది లేదన్నాడు. చప్పట్లు పెద్దగా పడలేదు. కుర్చీల్లో ఎక్కువగా ఆడవాళ్లే ఉన్నారు. కోర్టులో ఆడవలసిన మగవాళ్లు దుబాయిలో, మస్కట్‌లో, బహ్రెయిన్‌లో డ్యూటీలో ఉన్నారు.

సునీల్‌కుమార్ చూపు వెనక వరుస మీద పడింది. దగ్గరికి నడిచాడు.

"అవ్వా, మీరంత ఏ ఇంటోళ్లు?"

"మాది బీబీపేట సారూ. బిడ్డ ఇంటికి వచ్చిన."

"మీరవ్వా?"

"మాది సదాశివనగర్. పండుగకు వచ్చిన."

"ఏ పండుగకు?"

ఆమె ఆలోచించింది. "బతుకమ్మకు."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. ఏప్రిల్ నెల ఎండ మండుతోంది.

"ఏ ఏడు బతుకమ్మకవ్వా?"

"అది యాదికి లేదు సారూ."

అతను నవ్వలేదు. వేలు చూపిస్తూ వరుసంతా లెక్కపెట్టాడు. ముప్పై ఒక్కమంది. చేతిలోని పట్టిక వైపు చూశాడు. "కాలనీల అరవై దాటినోళ్లే ఇరవై ముగ్గురు. ఒక్క దినంల ముప్పై ఒక్కమంది సుట్టాలు వచ్చిండ్రా?" అని మెల్లగా అడిగాడు. తర్వాత ఈరవ్వ ఒడిలోని సంచి చూశాడు. "నువ్వు ఎప్పుడు పోతున్నవు అవ్వా?"

"ఇప్పుడే బిడ్డా. కాలు జర సదురుకుంటే పోత."

కృపారాణి చేతిలో కాగితాల కట్ట ఉంది. పైనున్నది తన ఇంటి కాగితమే. ఇరవై ఏళ్ల తర్వాత ఇట్లాగే ఒక అధికారి వస్తాడు. ఎండలో నేల మీద కూర్చున్న అరవై మూడేళ్ల మనిషిని ఏ ఇల్లని అడుగుతాడు. అప్పుడు ఆశ్రిత, కోపం లేకుండా, ప్రేమ తక్కువ కాకుండా, మా అమ్మ సుట్టపుసూపుకు వచ్చింది అని చెబుతుంది. తను నేర్పినట్టే చెబుతుంది. ఆ ఆలోచన ఆమెకు సూదిలా గుచ్చుకుంది. చాలా కాలానికి ఏదో గుచ్చుకున్నట్టు తెలిసింది.

"సారూ" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఈమె మా అవ్వ. ఈరవ్వ. మూడేండ్ల సంది నా ఇంట్లనే ఉంటున్నది. నేనే రాయలే. మా ఆయన పదకొండేండ్ల సంది ఇంట్ల లేడు. ఆయనను రాసిన."

ఈరవ్వ కూతురి కొంగు గుంజింది. "పింఛను పోతది, ఊకో" అని గుసగుసగా అంది.

"పోతె పోనియ్యి అవ్వా."

అప్పుడు ప్రవళిక లేచి నిలబడింది. చంకలో పిల్ల ఉంది. "మా అత్తను గూడ రాయియ్యలే సారూ. తలుపు ఎనకనే ఉండె" అని ఆగింది. "ఇప్పుడు లేదు."

సునీల్‌కుమార్ చేతిలోని పట్టిక మడిచాడు. "ఈ కాగితానికి పింఛనుకు సంబంధం లేదు. రేషన్‌కు లేదు. పేర్లు కంప్యూటర్ల ఎక్కియ్యనే ఎక్కియ్యం. వయసు, ఆడ మగ, గంతే. కాగితం అడుగున రాసి గూడ ఉన్నది."

"ఏడున్నది?" అని ప్రవళిక అడిగింది.

కృపారాణి కాగితం తిప్పి చూసింది. అడుగున, చీమల బారులా చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. రెండు వందల ఎనభై ఇళ్లకు ఆ కాగితం పట్టుకుని తిరిగింది. ఒక్కసారి కూడా చదవలేదు. చదివి చెప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"తెలుగుల పెద్దగ రాయిస్తే అయిపోతుండె" అన్నాడు సునీల్‌కుమార్. తనలో తను అనుకున్నట్టుంది ఆ మాట. "నా తప్పు గూడ ఉన్నది."

బాలనర్సయ్య ఇంకా మైకు పట్టుకునే ఉన్నాడు. దాన్ని కుర్చీ మీద పెట్టేసి ముందుకొచ్చాడు. పిల్లలకు లెక్క చెప్పే గొంతు ఆయనది, మైకు అక్కర్లేదు.

"నేను ముప్పై ఆరేండ్లు లెక్కలు చెప్పిన. తప్పు అంకెతోని మొదలువెడితే కూడిక ఎంత మంచిగ చేసినా తప్పే వస్తదని పిల్లలను కొట్టిన గూడ. నా అంకె నేనే తప్పు చెప్పిన. ఆరేండ్ల సంది కొడుకు ఇంట్ల తింటున్న. రాయించుకునేటందుకు సిగ్గయింది." ఆయన వెనక వరుస వైపు చూశాడు. "ఈ కంపెనోళ్లు మంత్రగాళ్లు గారు. మనం ఇచ్చిన అంకెనే ఇరవై ఏండ్లు ముందుకు జరిపి చూపిస్తరు. ఇయ్యాల మనం ఉన్న అవ్వను లేదని చెబితే, వాళ్ల లెక్కల రేపు గూడ ఆమె ఉండది. ఆమెకు నీడ ఉండది, బెంచి ఉండది. లేనోన్ని ఉన్నడని చెప్పినం, వానికి క్రికెట్ కోర్టు వచ్చింది. వాడు అరబ్బు దేశంల ఇరవై ఏండ్లు బరువులు మోసి మోకాళ్లు అరిగి వచ్చేసరికి, వానికి గావాల్సింది కోర్టు గాదు, కూసునే చోటు. భూదవ్వ మోరీల పడలే. మన లెక్కల పడ్డది."

ఆయన కూర్చోలేదు. నేల మీద వరుస చివరికి పోయి, పంచె సర్దుకుని, ముసలమ్మల పక్కన కూర్చున్నాడు. "నన్ను గూడ రాయమ్మా. డెబ్బై" అన్నాడు.

కృపారాణి కట్ట అడుగునుంచి కొత్త కాగితం తీసింది. తల్లి ముందు గొంతుక్కూర్చుంది.

"పేరు?"

"నా పేరు నీకెరుక లేదా?"

"నువ్వు చెప్పాలె అవ్వా."

"ఈరవ్వ. డెబ్బై రెండు."

"ఎన్నేండ్ల సంది ఉంటున్నవ్?"

ఈరవ్వ ఒళ్లోని సంచి వైపు చూసింది. దాని పట్టీని వేలితో రుద్దింది. "మూడేండ్ల సంది" అంది.

"పార్కుల ఏం గావాలె?"

"కూసునేటందుకు ఒక బండ. దాని మీద ఇంత నీడ. దగ్గర్ల ఒక బాత్రూము. నడుస్తుంటె పట్టుకునేటందుకు పక్కపొంటి ఒక పైపు." అన్నీ ఎన్నాళ్లనుంచో అనుకున్నట్టు వరుసగా చెప్పింది. తర్వాత "భూదవ్వను గూడ రాయి" అంది.

"ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు గదవ్వా."

"ఉన్నప్పుడు రాయకపోతివి. ఇప్పుడు లేదంటవ్."

కృపారాణి తల దించుకుంది. ఈసారి ఉన్నవాళ్లనే రాయాలి. భూదవ్వ పేరు రాయలేదు. రాయకపోవడం మొదటిసారి ఆమెకు బరువుగా తెలిసింది.

మళ్లీ ఇంటింటికీ తిరగడానికి పది రోజులు పట్టింది. ఈసారి కృపారాణి ప్రతి గడపలోనూ ముందు ఆ చివరి వాక్యాన్ని తెలుగులో చెప్పి, తర్వాత పేరు అడిగింది. అయినా కొందరు నమ్మలేదు. ఏడెనిమిది ఇళ్లలో ముసలమ్మలు ఇంకా చుట్టాలుగానే ఉన్నారు. లెక్క మాత్రం మారింది. అరవై దాటినవాళ్లు నూట పద్నాలుగు మంది తేలారు. ఇంట్లో లేని మగవాళ్లు నూట నలభై మంది. పట్టిక మారింది, పట్టికతో పాటు నక్ష మారింది. నీడ, బెంచీలు, బాత్రూము, పట్టుకుని నడిచే కమ్మీ మొదటి విడతలోకి వచ్చాయి. క్రికెట్ కోర్టు చిన్నదై, పిల్లల కోసం ఒక మూలకు జరిగింది. పని ఇంకా పూర్తి కాలేదు. ఒక్క బెంచీ వరుస మాత్రం వేశారు. భూదవ్వ పిట్లం నుంచి తిరిగి రాలేదు.

ఈరవ్వ ఆ సోమవారం బస్సెక్కలేదు. ఎందుకు ఎక్కలేదో చెప్పలేదు, కృపారాణి అడగలేదు. బెంచీల వరుస పడ్డాక వచ్చిన పింఛను రోజున ఎప్పటిలా ఊరికి పోయి, ఎప్పటిలా సాయంత్రానికి తిరిగి వచ్చింది. పింఛను ఆగలేదు.

మర్నాడు పొద్దున కృపారాణి టిఫిను డబ్బా కట్టుకుంటుంటే తల్లి వెనకనుంచి పిలిచింది.

"బీరువల ఆ అర ఎత్తున్నది. నాకు అందది. ఈ తలుపు ఎనక ఒక శీల కొట్టు."

కృపారాణి రోకలిబండతో శీల కొట్టింది. ఈరవ్వ చెప్పుల స్టాండు మీదినుంచి సంచి తీసి ఆ శీలకు తగిలించింది. ఊగుతుంటే చేత్తో పట్టుకుని ఆపింది. తర్వాత గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, ఆ బెంచీల వైపు నడవడానికి బయల్దేరింది. దుకాణం ముందు నుంచి పోతుంటే దుకాణపామె ఎప్పటిలాగే అడిగింది.

"ఏమవ్వా, సుట్టపుసూపు ఒడువలేదా ఇంక?"

"ఒడిసింది తల్లీ. ఈడనే ఉంటున్న" అంది ఈరవ్వ, ఆగకుండా.

ఇంట్లో ఉన్న మనిషికి అన్నం పెట్టడం ఎంత బాధ్యతో, ఆ మనిషి ఉన్నదని లెక్కలో రాయించడం కూడా అంతే బాధ్యత. ఈరోజు లెక్కలో లేని మనిషికి రేపటి ఊరు కూర్చునే చోటు మిగల్చదు.